కొత్త కంప్యూటరుకు మారేటప్పుడు ఫొటో ఎడిటింగ్ లైసెన్సు: పాతదాన్ని తరలించాలా, చందా కట్టాలా, ఉచితమైనదానికి మారాలా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ, ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ ఈమధ్య ఏ ఫొటో స్టూడియోలో కూర్చున్నా కంప్యూటరు మార్చాలన్న మాటే వస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లున్న కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు అర్హమైనవిగా లెక్కించదు కాబట్టి, పదేళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు చేసిపెట్టిన యంత్రాలను ఇప్పుడు పక్కన పెట్టవలసి వస్తోంది. కొత్త కంప్యూటరు డబ్బు పెడితే వస్తుంది. పాత కంప్యూటరులో ఉన్న ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మాత్రం అలా రాదు. దాన్ని తరలించాలా, వదిలేసి నెలనెలా చందా కట్టాలా, ఉచితంగా దొరికేదానికి మారాలా అన్న ప్రశ్న దగ్గర చాలామంది తడబడుతున్నారు. పద్నాలుగేళ్లుగా కావలిలో ఆల్బమ్ డిజైనింగ్ చేస్తూ, మూడుసార్లు కంప్యూటరు మార్చిన అనుభవంతో ఈ పోలిక రాస్తున్నాను.

ధరలు పోల్చడానికి ముందు మీ లైసెన్సు దేనికి ముడిపడి ఉందో తెలుసుకోవాలి. కొన్ని లైసెన్సులు పెట్టె మీద అతికించిన సీరియల్ నంబరుకు ముడిపడి ఉంటాయి. కొన్ని మీ ఈమెయిల్‌తో తెరిచిన ఖాతాకు, కొన్ని యూఎస్‌బీలో గుచ్చే డాంగిల్‌కు, మరికొన్ని కంప్యూటరుతో పాటే వచ్చి ఆ కంప్యూటరుకే పరిమితమై ఉంటాయి. ఈ చివరి రకం తరలిరాదు. కంప్యూటరు కొన్నప్పుడు అందులోనే వేసి ఇచ్చిన విండోస్ సాధారణంగా ఈ కోవకే చెందుతుంది. మిగిలిన మూడింటిలో మీది ఏదో తేలితే సగం నిర్ణయం దానంతటదే జరిగిపోతుంది.

నంబరు ఉంటే చాలని అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. కందుకూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మొన్న నా దగ్గర కూర్చుని, "అన్నా, పెట్టె ఉండాది, నంబరు ఉండాది, ఇంకేం గావాల?" అని అడిగాడు. పాత కంప్యూటరు ఏమైందని అడిగితే, మార్పిడి కింద ఇచ్చేశానన్నాడు. సరిగ్గా అక్కడే చిక్కు ఉంది. నంబరు కొట్టి సాఫ్ట్‌వేర్‌ను యాక్టివేట్ చేసినప్పుడు, ఆ నంబరు ఫలానా కంప్యూటరులో వాడుకలో ఉందని కంపెనీ సర్వరులో నమోదవుతుంది. అలాంటి నమోదులకు పరిమితి ఉంటుంది. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ కంపెనీ పాత పద్ధతిలో అది రెండు కంప్యూటర్లు. పాత కంప్యూటరులోనే మెనూలోకి వెళ్లి డీయాక్టివేట్ చేస్తే ఆ చోటు ఖాళీ అవుతుంది. చేయకుండా కంప్యూటరును అమ్మినా, డిస్కు ఫార్మాట్ చేసినా, సర్వరు లెక్కలో ఆ చోటు నిండే ఉంటుంది.

ఇది నాకు స్వయంగా జరిగింది. మదర్‌బోర్డు చెడిన కంప్యూటరును బాగుచేయడానికి ఒక దుకాణంలో ఇస్తే, వాళ్లు నన్ను అడగకుండానే డిస్కు ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేసి ఇచ్చారు. రెండు చోట్లలో ఒకటి ఆ పాత కంప్యూటరు పేరున, రెండోది ఇంట్లో ల్యాప్‌టాప్ పేరున నిండిపోయాయి. కొత్త దాంట్లో నంబరు కొడితే పరిమితి దాటిందన్న సందేశం తప్ప ఏమీ రాలేదు. ఇంటికి వెళ్లి ల్యాప్‌టాప్‌లో డీయాక్టివేట్ చేసి ఆ ఒక్క చోటును ఇటు తెచ్చుకున్నాను. ఫార్మాట్ అయిన కంప్యూటరుతో పోయిన చోటు మళ్లీ నా చేతికి రాలేదు. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా, ఏ దారి ఎంచుకున్నా సరే, పాత కంప్యూటరు ఇంకా ఆన్ అవుతుండగానే ఈ పని ముగించమని మొదట చెబుతాను.

పాత శాశ్వత లైసెన్సును తరలించడం

మన స్టూడియోలలో శాశ్వత లైసెన్సు అంటే ఎక్కువగా ఫొటోషాప్ సీఎస్6 అని అర్థం. 2012లో వచ్చిన ఈ వెర్షన్ తరువాత, 2013 నుంచి అడోబీ పూర్తిగా చందా పద్ధతికి మళ్లింది. కాబట్టి ఒక్కసారి డబ్బు కట్టి సొంతం చేసుకున్న ఫొటోషాప్‌లలో ఇదే చివరిది. అసలైన డీవీడీ పెట్టె, దాని మీద 24 అంకెల సీరియల్ నంబరు, పాత కంప్యూటరు మూడూ ఉన్నవాళ్లకు తరలింపు కష్టం కాదు. పాతదానిలో ఇంటర్నెట్ ఉండగా హెల్ప్ మెనూలో డీయాక్టివేట్ చేసి, తరువాత తీసివేసి, కొత్తదానిలో వేసుకుని అదే నంబరు కొట్టాలి. కొత్త కంప్యూటర్లలో డీవీడీ డ్రైవ్ ఉండదు కనుక డిస్కులోని ఫైళ్లన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచుకోండి. సంవత్సరాలుగా బీరువాలో పడి ఉన్న డిస్కు మీద గీతలుంటే అది చదువుతుందో లేదో ఈ రోజే చూసుకోవడం మంచిది, ఇన్‌స్టాలరు తరువాత ఎక్కడైనా దొరుకుతుందిలే అన్న ఆశ పెట్టుకోకూడదు. అంతకంటే పాతవైన సీఎస్2, సీఎస్3 వాడేవాళ్లకు ఈ దారి లేదు, ఎందుకంటే వాటి యాక్టివేషన్ సర్వర్లను అడోబీ ఎప్పుడో మూసివేసింది.

అయితే తరలించగలిగినంత మాత్రాన తరలించవలసిందే అనుకోకూడదు. రా ఫైళ్లను, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైళ్లను తెరిచే కెమెరా రా అనే భాగానికి సీఎస్6 లో అప్‌డేట్లు 2015లో 9.1.1 వెర్షన్‌తో ఆగిపోయాయి. ఆ తరువాత వచ్చిన కెమెరాలతో రా ఫైళ్లు తీస్తే, ఉదాహరణకు కెనాన్ ఆర్ సిరీస్ కెమెరాల సీఆర్3 ఫైళ్లయితే, సీఎస్6 వాటిని తెరవదు. అడోబీయే ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టరుతో మార్చుకుని తెరవవచ్చు. కానీ ఒక్క పెళ్లికి మూడు నాలుగు వేల ఫొటోలు తీసేచోట ప్రతిసారీ ఆ మార్పిడికి కూర్చోవడం, డిస్కులో రెట్టింపు చోటు పెట్టడం సులువు కాదు. జేపెగ్‌లోనే తీసి ఆల్బమ్ వేసేవాళ్లకు మాత్రం ఈ బాధ ఉండదు.

మరొక ఇబ్బంది తెర దగ్గర వస్తుంది. 4కే మానిటరు కొని అందులో సీఎస్6 తెరిస్తే మెనూల అక్షరాలు ఆవగింజంత కనిపిస్తాయి, ఎందుకంటే విండోస్‌లో ఆ వెర్షన్‌కు తెర సాంద్రతను బట్టి అక్షరాలు పెంచుకునే ఏర్పాటు లేదు. సీఎస్6 తోనే కొనసాగదలచినవారు 1920 బై 1080 మానిటరుకే పరిమితం కావడం కళ్లకూ మంచిది, ఖర్చుకూ మంచిది. మ్యాక్ కొనే ఆలోచనలో ఉన్నవారైతే ఈ దారిని పూర్తిగా మరచిపోవాలి. 2019లో వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్‌లలో 32 బిట్ ప్రోగ్రాములు నడవవు. సీఎస్6 ఇన్‌స్టాలరు, లైసెన్సు భాగాలు ఆ 32 బిట్ కాలానివే.

చందా

అడోబీ ఇచ్చే క్రియేటివ్ క్లౌడ్ చందాలో లైసెన్సు మీ ఖాతాలో ఉంటుంది కనుక తరలింపు అన్న సమస్యే దాదాపు ఉండదు. కొత్త కంప్యూటరులో వేసి, అదే ఈమెయిల్‌తో సైన్ ఇన్ అయితే సరిపోతుంది. రెండు కంప్యూటర్లలో యాక్టివేట్ చేసుకోవచ్చు, అయితే ఒక సమయంలో ఒకదాని మీదే పని చేయాలి. మూడోదానిలో సైన్ ఇన్ అయితే పాతవాటిలో నుంచి బయటకు రమ్మని అదే అడుగుతుంది. పాత కంప్యూటరు పిడుగు దెబ్బకు కాలిపోయినా, దొంగతనానికి గురైనా, ఇంకో చోట నుంచి దాన్ని తొలగించవచ్చు. నాకు జరిగిన నష్టం చందాదారులకు జరగదు. నేను చివరకు చందా వైపు మొగ్గడానికి ఇదే పెద్ద కారణం.

దీనికి మరో వైపు కూడా ఉంది. నెలనెలా కట్టినట్లు కనిపించే చందాలలో చాలావాటికి ఏడాది ఒప్పందం ఉంటుంది. మొదటి 14 రోజులు దాటాక మధ్యలో మానుకుంటే మిగిలిన కాలానికి కొంత మొత్తం చెల్లించవలసి వస్తుంది. మాఘ, ఫాల్గుణాల్లో పని చేసి ఆషాఢంలో ఆపేద్దామనుకునేవాళ్లు ఈ షరతును ముందుగా చదవాలి. చెల్లింపు ఆగితే ఫొటోషాప్ తెరుచుకోదు. ఫొటోలను సర్దుకుని దిద్దుకునే లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటోలు చూసుకోవచ్చు, ఎగుమతి చేసుకోవచ్చు, కానీ దిద్దే డెవలప్ విభాగం పనిచేయదు. లైసెన్సు సరిచూసుకోవడానికి కంప్యూటరును అప్పుడప్పుడు ఇంటర్నెట్‌కు కలపాలి కాబట్టి, నెట్ సరిగా లేని పల్లెలో పని చేసేవారు నెలకొక్కసారైనా ఫోను హాట్‌స్పాట్‌తో కలపడం అలవాటు చేసుకోవాలి. జీఎస్‌టీ నమోదున్న స్టూడియో అయితే తన జీఎస్‌టీ నంబరు మీద బిల్లు తీసుకుని పన్ను జమ పొందవచ్చు. ఈ చిన్న విషయం వార్షిక ఖర్చు లెక్కలో కనిపించేంత తేడా తెస్తుంది.

ఇంట్లో కుటుంబ ఫొటోలు దిద్దుకునేవారికి ఫొటోషాప్ ఎలిమెంట్స్ సరిపోతుంది. ఇంతకుముందు దాన్ని ఒక్కసారి కొంటే ఎప్పటికీ వాడుకునే వీలుండేది. 2025 వెర్షన్ నుంచి అది మూడేళ్ల గడువు లైసెన్సుగా మారింది. పాత ఎలిమెంట్స్ నంబరు మీ దగ్గర ఉండి, దానితో పని జరుగుతుంటే, దాన్నే డీయాక్టివేట్ చేసి తరలించుకోవడం మేలు.

ఉచితమైనవి

ఫొటోలు దిద్దే అఫినిటీ ఇంతకుముందు ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసే సెరిఫ్ కంపెనీని 2024లో కాన్వా కొన్నది. 2025 అక్టోబరు చివర ఫొటో, డిజైన్, పేజీ అమరిక మూడింటినీ ఒకే యాప్‌గా చేసి కాన్వా ఖాతాతో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అది పీఎస్‌డీ ఫైళ్లను, అంటే ఫొటోషాప్ సొంత ఫైళ్లను తెరుస్తుంది. కానీ ఫొటోషాప్ యాక్షన్లు, అంటే వరుస దిద్దుబాట్లను ఒక్క నొక్కుతో చేసిపెట్టే అమరికలు, అందులో నడవవు. ఆల్బమ్ పని చేసేవారికి ఇది చిన్న లోటు కాదు, ఎందుకంటే చాలా స్టూడియోలలో ఒక్కొక్క ఫొటోకు రంగు దిద్దే పనంతా ఏళ్ల తరబడి పోగుచేసుకున్న యాక్షన్ల మీదే నడుస్తుంది.

గింప్ అనే మరో ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు బెడదే లేదు. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, అమ్మకానికి పెట్టే పనికీ వాడుకోవచ్చు. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో ఫిల్టర్లను తరువాత మళ్లీ మార్చుకునే వీలు కల్పించారు. రా ఫైళ్లకు డార్క్‌టేబుల్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ జత చేసుకుంటే, నేలపట్టు కొంగలనో పులికాట్ రాజహంసలనో తీసుకొచ్చి తీరిగ్గా దిద్దుకునే ఔత్సాహికునికి ఇంకేమీ కొనవలసిన అవసరం లేదని ధైర్యంగా చెబుతాను. పీఎస్‌డీ టెంప్లేట్ల మీద బతికే స్టూడియోకు మాత్రం చెప్పను. గింప్ లేయర్లను తెరుస్తుంది గానీ, టెంప్లేటు తయారుచేసినవాడు పెట్టిన ఎఫెక్టులు, స్మార్ట్ ఆబ్జెక్టులు ఉన్నవి ఉన్నట్టు రావు. పెళ్లి ముహూర్తాల మధ్య ఆ తేడాలు సరిచేసుకుంటూ కూర్చునే సమయం మనకుండదు.

తెలుగు అక్షరాల సంగతి

ఈ విషయాన్ని మన వైపు ఎవరూ తరలింపులో భాగంగా లెక్కించరు, చివరకు ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. మన స్టూడియోల్లో, ఫ్లెక్సీ దుకాణాల్లో, పెళ్లి పత్రికల ప్రెస్సుల్లో దశాబ్దాలుగా అను ఫాంట్లే వాడుతున్నారు. అవి యూనికోడ్ ఫాంట్లు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలోవి కావు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. వాటి మీద తెలుగు రూపాలను కప్పారు. కొత్త కంప్యూటరులో ఆ ఫాంటు లేకుండా పాత పీఎస్‌డీ తెరిచి, వేరే ఫాంటు పెట్టి అక్షరాలు ముట్టుకుంటే, పేజీ పైన ఎర్రగా ఉన్న "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు వరుసగా నిలబడతాయి. ఫైలు పాడైందని కంగారుపడి సేవ్ చేస్తే ఇంకా చిక్కు. సేవ్ చేయకుండా మూసివేసి, పాత కంప్యూటరు నుంచి ఆ ఫాంటు తెచ్చి వేసుకుంటే అక్షరాలు యథాస్థానంలోకి వస్తాయి.

ఆ ఫాంట్లకూ లైసెన్సు ఉంటుందని గుర్తుంచుకోవాలి. కీబోర్డు సాఫ్ట్‌వేర్ డాంగిల్‌తో కొన్నవారు డాంగిల్‌ను కొత్తదానికి గుచ్చితే సరిపోతుందనుకుంటారు. డాంగిల్‌కు డ్రైవరు కావాలి. విండోస్ 11 లో 64 బిట్ తప్ప వేరే రకం లేదు కనుక, 32 బిట్ కాలపు డ్రైవరు అందులో ఎక్కదు. కొత్త కంప్యూటరు కొనకముందే మీకు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవారికి ఫోను చేసి విండోస్ 11 డ్రైవరు ఉందో లేదో అడగండి. లేదంటే పాత కంప్యూటరును అమ్మకండి. దాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీసి ఒక మూల బల్ల మీద ఉంచి, పాత పత్రికలు, పాత ఫైళ్లు అడిగినప్పుడు అందులోనే తెరవడం నాకు తెలిసిన అన్ని దారుల్లోకీ నిక్కచ్చిగా పనిచేసే దారి. మార్పిడిలో దానికి వచ్చే నాలుగైదు వేల రూపాయల కంటే ఆ సౌకర్యం విలువ ఎక్కువ.

కొత్త పనులను మాత్రం యూనికోడ్‌లోకి మార్చుకోవడానికి ఇదే తగిన సమయం. మండలి, రామభద్ర, మల్లన్న, సూరన్న, పెద్దన వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, వ్యాపారానికి కూడా వాడుకునే అనుమతితో దొరుకుతున్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా, ముందుగా అందులో "రాజ్యలక్ష్మి", "వెంకటేశ్వర్లు", "స్త్రీ" అని మూడు మాటలు టైపు చేసి చూడండి. ఒత్తులు వాటి అక్షరాల కింద కూర్చోకుండా విడిపోయి పక్కకు వస్తే ఆ సాఫ్ట్‌వేర్ లేదా దాని అమరిక తెలుగు పనికి ఇంకా సిద్ధంగా లేదని అర్థం. కొత్త ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సుల్లో టైప్ విభాగానికి వెళ్లి ప్రపంచ భాషల అమరికను ఎంచుకుంటే ఈ లోపం తొలగుతుంది. గింప్‌లో యూనికోడ్ తెలుగు మొదటినుంచే సరిగా వస్తుంది. ఎంత ఉచితమైనదైనా, పెళ్లికూతురి పేరు తప్పుగా అచ్చయ్యే సాఫ్ట్‌వేర్‌ను నేను ఎవరికీ సూచించను.

రెండు దగ్గరి దారులు

పాత డిస్కు మొత్తాన్ని కొత్త ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేస్తే, అంటే ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తే, సాఫ్ట్‌వేర్లన్నీ వచ్చేస్తాయి కదా అని కొందరు అడుగుతారు. అదే కంప్యూటరులో డిస్కు మార్చడానికి అది మంచి పద్ధతే. వేరే కంప్యూటరులోకి వెళ్తే మదర్‌బోర్డు మారిందని గుర్తించి లైసెన్సు మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది, విండోస్ కూడా అడుగుతుంది. ముందే డీయాక్టివేట్ చేయకపోతే మళ్లీ మొదటికే వస్తాం.

"కొత్త కంప్యూటరు కొంటే అన్నీ మేమే వేసి ఇస్తాం" అనే మాట విన్నప్పుడు ఆ "అన్నీ" అంటే లైసెన్సు లేని కాపీలని తెలుసుకోండి. తెలిసి అలాంటి కాపీని వాడటం 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షను కింద నేరం. ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చట్టాన్ని పక్కన పెట్టినా, లైసెన్సు తనిఖీని తప్పించే క్రాక్ కోసం యాంటీవైరస్‌ను ఆపిన కంప్యూటరులో ఇతరుల పెళ్లి ఫొటోలను ఉంచడం నమ్మి ఇచ్చినవారికి అన్యాయం చేయడమే.

ఎవరికి ఏది

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాతో రా తీసే, ఏడాది పొడవునా ఆల్బమ్‌లు వేసే స్టూడియోకు చందాయే తగినది. అసలైన సీఎస్6 ఉండి, జేపెగ్‌లో పని చేస్తూ, మామూలు మానిటరుతో సరిపెట్టుకోగలిగినవారు దాన్ని నిస్సంకోచంగా తరలించుకుని మరో రెండు మూడేళ్లు నడపవచ్చు. చందాకు పోయే డబ్బును మెమరీకి, ఎస్‌ఎస్‌డీకి పెట్టడం మంచిది. పత్రికలు, ఫ్లెక్సీలు చేసేవారు పాత యంత్రాన్ని ఉంచుకుని కొత్తదానిలో యూనికోడ్‌తో మొదలుపెట్టాలి. అభిరుచి కోసం ఫొటోలు తీసేవారు ముందు గింప్, డార్క్‌టేబుల్, అఫినిటీలను నెల రోజులు వాడి చూసి, తరువాతే డబ్బు సంగతి ఆలోచించాలి.

ఏది ఎంచుకున్నా మార్పు పనిని ఆషాఢంలోనో పుష్యంలోనో, ముహూర్తాలు లేని రోజుల్లో పెట్టుకోండి. లైసెన్సుతో పాటు రాని వాటిని విడిగా తెచ్చుకోవాలి. యాక్షన్లు, బ్రష్‌లు, ప్రీసెట్లను ఎగుమతి చేసి ఒక ఫోల్డరులో పెట్టండి. ప్లగిన్‌లకు వేరే లైసెన్సులుంటాయి కనుక వాటినీ ఒక్కొక్కటిగా డీయాక్టివేట్ చేయండి. లైట్‌రూమ్ వాడేవారు కేటలాగ్ ఫైలును, ఫొటోలను రెండింటినీ తేవాలి, ఎందుకంటే కేటలాగ్‌లో మీ దిద్దుబాట్ల లెక్క మాత్రమే ఉంటుంది, ఫొటోలు ఉండవు. పాతదానిలో ఫొటోలు E: డ్రైవులో ఉంటే కొత్తదానిలో కూడా ఆ డ్రైవుకు అదే అక్షరం ఇవ్వండి. లేకపోతే ఫోల్డర్లన్నిటి పక్కనా ప్రశ్నార్థకాలు వచ్చి, ఒక్కొక్క ఫోల్డరును వెతికి చూపించవలసి వస్తుంది. పాత మానిటరు రంగు ప్రొఫైలును మాత్రం వెంట తేకండి, అది ఆ మానిటరుకే చెందినది.

అంతా అయ్యాక, గత ఏడాది అచ్చు వేయించిన ఒక ఆల్బమ్ ఫైలును కొత్త కంప్యూటరులో తెరిచి, ఒక్క పేజీ ల్యాబ్‌కు పంపి అచ్చు తీయించి, పాత ఆల్బమ్ పక్కన పెట్టి పట్టుచీర రంగును, ముఖాల రంగును పగటి వెలుగులో పోల్చి చూడండి. ఆ రెండు పేజీలు కలిసేదాకా పాత కంప్యూటరు డిస్కును ఎవరికీ ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి.